86,400 అనే మూఢనమ్మకం

పిల్లి ఎదురొచ్చిందని ఆగిపోయేవాణ్ని చూసి పగలబడి నవ్వే ఇంజినీరు గారికీ ఒక మూఢనమ్మకం ఉంది: రోజంటే 86,400 సెకన్లు. రేపటి తేదీ కావాలంటే ఇవాళ్టికి ఆ సంఖ్య కలుపుతాడు, నిన్నటిది కావాలంటే తీసేస్తాడు. ఎక్కాలు తప్పలేదు. తప్పిందల్లా దేశం. ఆయన కోడు నడిచేది అమెరికాలో. హవాయి, అరిజోనాలో చాలాభాగం వదిలేస్తే, ఆ దేశంలో వేసవికని గడియారాన్ని గంట ముందుకు జరిపి, తర్వాత వెనక్కి తిప్పుతారు గనక, మార్చి రెండో ఆదివారానికి 23 గంటలే, నవంబరు మొదటి ఆదివారానికి 25. ఇదేమీ గూఢచారులు మోసుకొచ్చిన రహస్యం కాదు. 2005లో చట్టం చేసి, 2007 నుంచి అమలు చేస్తున్న తేదీలు.

నవంబరు నెల పట్టిక వేయాలనుకుందాం. ఒకటో తేదీ అర్ధరాత్రి మొదలుపెట్టి, తడవకు 86,400 కలుపుకుంటూ పోతాడు మన మేధావి. 25 గంటల ఆదివారం దాటాలనుకున్నవాడు అదే ఆదివారం రాత్రి 11 దగ్గర తేలతాడు. పట్టికలో ఆ ఆదివారం రెండుసార్లు పడుతుంది, 30వ తేదీ అసలు ఉండదు. మార్చిలో ఇంకో వేడుక. మార్చి 1కీ ఏప్రిల్ 1కీ మధ్య సెకన్లు లెక్కగట్టి 86,400తో భాగిస్తే 31 రోజులకు గంట తక్కువ వస్తుంది. దశాంశాలు తెగ్గోసే కంప్యూటరు దాన్ని 30 అంటుంది. అప్పిచ్చినవాడికి ఒక రోజు వడ్డీ గోవిందా.

ఆ మార్చి ఆదివారం తెల్లవారుజామున 2 చూపించాల్సిన గడియారం 3 చూపిస్తుంది. రెండున్నరకు నడవమని పెట్టిన పని ఎప్పుడు నడవాలి? ఆ రెండున్నర ఆ రోజు పుట్టనే లేదు. నవంబరులో ఒంటిగంటకూ రెండుకూ మధ్య కాలం రెండుసార్లు గడుస్తుంది గనక, ఒంటిగంటన్నరకు బిల్లులు పంపే ప్రోగ్రాం, ఎవరూ జాగ్రత్త చెప్పకపోతే, రెండుసార్లు పంపుతుంది. ఆ వేళకు కవలలు పుడితే, వెనక పుట్టినవాడి జనన సమయం ముందు పడొచ్చు. 2016లో మసాచుసెట్స్‌లో నిజంగానే పడింది. అమెరికాలో ఆమ్‌ట్రాక్ రైళ్లు నయం. ఆ రాత్రి వేళకు నడుస్తున్నవి గంటసేపు ఆగి, గడియారం వచ్చి కలుసుకున్నాకే కదులుతాయి.

ఈ బగ్గుకున్న మర్యాద మరి దేనికీ లేదు. ఆదివారం తెల్లవారుజామున వస్తుంది, సోమవారం ఆఫీసు తెరిచేలోగా తనే వెళ్లిపోతుంది. "ఇప్పుడు వస్తోందా?" అంటాడు మేనేజరు. "లేదు సార్." "మరింకేం, క్లోజ్ చేసెయ్." నవంబరులో మూసిన టికెట్ మార్చిలో కొత్త నంబరుతో పుడుతుంది. పాతది మూసినవాడు ఈలోగా కంపెనీ మారి, అక్కడ తేదీల లెక్కలు రాస్తూ ఉంటాడు.

పెద్ద కంపెనీలూ తక్కువేం తినలేదు. 2010 అక్టోబరులో ఆస్ట్రేలియా గడియారాలు ముందుకు జరిగినప్పుడు ఐఫోన్‌లో రోజువారీ అలారాలు గంట ముందే మోగాయి. దిద్దుకోవడానికి దాదాపు నెల దొరికింది. నవంబరు 1న ఐరోపాలో అవే అలారాలు గంట ఆలస్యంగా మోగాయి.

ఇక్కడ సీనియర్ ఆర్కిటెక్టు గొంతు సవరించుకుంటారు: "అంతా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, దాచండి, ఏ గొడవా ఉండదు." జరిగిపోయినవాటికి ఆ మంత్రం పారుతుంది. జరగబోయేవాటికి పారదు. వచ్చే ఏడాది బీరూట్‌లో ఉదయం పదింటికి డాక్టరు అపాయింట్‌మెంటు అంటే, రోగికి కావలసింది ఆసుపత్రి గోడ మీది పది. దాన్ని ముందే యూటీసీలోకి మార్చి దాచారంటే, ప్రభుత్వం ఈలోగా మనసు మార్చుకోదని మీరు పూచీ పడ్డట్టే. లెబనాన్ ప్రధాని నజీబ్ మికాతీ 2023 మార్చిలో, గడియారం జరపాల్సిన రోజు నెత్తి మీదికొచ్చాక, రంజాన్ అయ్యేదాకా వాయిదా అన్నారు. మరొనైట్ చర్చి ఒప్పుకోలేదు. చిన్న దేశంలో రెండు సమయాలు నడిచాయి, రోజుల్లోనే నిర్ణయం వెనక్కి పోయింది. మొరాకో అయితే 2018 అక్టోబరులో గడియారం వెనక్కి తిప్పడానికి రెండు రోజుల ముందు, ఇక తిప్పేది లేదంది.

"మన దేశంలో ఈ పీడ లేదుగా" అంటారా? 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య దాకా, యుద్ధం పేరిట భారత గడియారం గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందు నడిచింది. 1943లో గుంటూరులో పుట్టిన పెద్దాయన పుట్టిన తేదీని అర్ధరాత్రి సమయంగా యూటీసీలోకి మార్చి, తిరిగి ఐదున్నర గంటలే కలిపి చదివితే, ఆయన ముందు రోజు రాత్రి 11కే పుట్టేస్తాడు. ఆ ఏళ్ల జననాలకు గంట తగ్గించి చక్రం వేయాలని జాతకాలు రాసేవాళ్లకు తెలుసు. ఇంజినీరుకు తెలియదు.

జులైలో మీటింగు పిలుపు మీద 'ఉదయం 9, ఈఎస్‌టీ' అని రాసేవాళ్ల సంగతి సరేసరి. ఈఎస్‌టీ న్యూయార్కు చలికాలపు సమయం, వేసవిలో అక్కడి గడియారం గంట ముందుండే ఈడీటీది. రాసింది రాసినట్టు నమ్మినవాడు హైదరాబాదులో సాయంత్రం ఆరున్నరకు బదులు ఏడున్నరకు లాగిన్ అవుతాడు, పైగా చీవాట్లు అతనికే.

మందు లేని జబ్బా అంటే కాదు. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో మొదలుపెట్టిన టైమ్‌జోన్ డేటాబేసును ఇప్పుడు పాల్ ఎగర్ట్, ఇతర స్వచ్ఛంద సహాయకులు చూసుకుంటున్నారు. ఏ ప్రభుత్వం ఏ తిక్క పని చేసినా అందులో ఎక్కించి ఉచితంగా పంచుతున్నారు. 2014లో వచ్చిన జావా 8 'ఒక రోజు'కు పీరియడ్ అనీ, '24 గంటల'కు డ్యూరేషన్ అనీ వేర్వేరు క్లాసులు పెట్టింది. ఇవన్నీ చేతికిందే ఉండగా సొంత కూడికలు రాయడం బద్ధకం, అంతే. గడియారం తిప్పుడే ఎత్తేస్తారని ఎదురుచూసేవాళ్లకూ ఒక కబురు: ఐరోపా పార్లమెంటు 2019లో, అమెరికా సెనేట్ 2022లో ఆమోదం తెలిపాయి. రెండుచోట్లా అది ఆ ఆమోదం దగ్గరే ఆగింది. రేపు ఎత్తేసినా పాత తేదీల లెక్క పాత నియమంతోనే చేయాలి.

మేనేజర్లకో మనవి. పరీక్షల జాబితాలో ఆ రెండు ఆదివారాలనూ చేర్పించండి. అవసరం లేదన్నవాడికి ఆ రెండు రాత్రుల ఆన్‌కాల్ డ్యూటీ వేయండి, ఏటేటా.