వెనుక గొయ్యి

సరిపోవుట వేరు, సరిపెట్టుట వేరు అను సూక్ష్మభేదమును చిన్నయసూరి తన వ్యాకరణమున వివరింపలేదు కాని, ఆ లోపమును మా బావగారు తమ చిన్న ట్రాక్టరుతో పూరించిరి.

పొలము చివర మురుగుకాలువ పూడిక తీయవలసి వచ్చినది. గంటల లెక్కన జేసీబీకి అద్దె పోయుటకంటె, పాత ఇనుపసామాను అంగడిలో తుప్పు పట్టి పడియున్న తవ్వుడు బకెట్టు నొకదానిని కొని సొంత ట్రాక్టరు వెనుక తగిలించుకొన్నచో, ఆజన్మాంతము ఉచితముగా గోతులు తీసికొనవచ్చునని వారు గణించిరి. ఆ సామాను పెద్ద ట్రాక్టరు కొరకు పుట్టినది. దాని పిన్నులు 28 మిల్లీమీటర్లవి. బావగారి ట్రాక్టరు క్రింది లింకుల కన్నములలో 22 మిల్లీమీటర్ల పిన్ను మాత్రమే పట్టును. వెల్డింగు మేస్త్రీ పిన్నునొకసారి, కన్నము నొకసారి, బావగారి చొక్కాజేబు నొకసారి పరికించి, "దానికేముందండీ, లేతు పట్టించేస్తే దూరిపోద్ది" అనెను.

దూరినది. గుండ్రని కడ్డీ వంపును తట్టుకొను శక్తి దాని వ్యాసముయొక్క ఘనమును బట్టి యుండును గావున, ఆ ఆరు మిల్లీమీటర్ల పొట్టుతోపాటు పిన్ను బలములో సగము లేతు క్రింద రాలిపోయినదని ఎవ్వరును గమనింపలేదు. పొట్టును మాత్రము మేస్త్రీగారి కుర్రవాడు శ్రద్ధగా ఊడ్చి గోనెసంచిలో పోసికొనెను. శాఖలకు మంత్రులను ఇట్లే చెక్కి దూర్చు దేశమున నిది యొక వింతయా?

హ్యారీ ఫెర్గూసన్ కల్పించి, 1938లో హెన్రీ ఫోర్డుతో కేవలము చేయి కలిపి కుదుర్చుకొన్న మాటపై లోకమున వ్యాపించిన ట్రాక్టరు వెనుకటి ఈ మూడు లింకుల అమరిక నాగలి కొరకు పుట్టినది. దాని హైడ్రాలిక్ చేతులకు ఎత్తుట తెలియును, అణచిపట్టుట తెలియదు. దింపు పని భూమ్యాకర్షణది. అట్టి సాధువుకు తవ్వుడు బకెట్టు తగిలించుట పురాణము చెప్పు శాస్త్రులవారిని కుస్తీగోదాలోనికి దింపుట.

మూడవ గోతిలో బకెట్టు తుమ్మవేరును కరచినది. వేరు బకెట్టును వదలలేదు, బావగారు లివరును వదలలేదు. అంతట క్రింది లింకులు రెండును దండము పెట్టుచున్నట్లు పైకి లేచి, సామాను సమస్తము ట్రాక్టరు మీదికి ఒరిగినది. ముందు తాము తీసిన గొయ్యి, వెనుక తాము కొన్న ట్రాక్టరు, నడుమ వెనుదిరిగి కూర్చున్న బావగారు. సన్నబడిన పిన్ను పుటుక్కున విరిగి, బకెట్టు కాలువలోను, బావగారు గట్టుమీదను పడిరి.

ఇట్టి బకెట్టుకు ఆ ట్రాక్టరు నమూనాకే చేసిన ఫ్రేము, అడుగున ముందువరకు సాగి బరువును పంచుకొనునది, ఉండవలెనని తెలిసినవారు చెప్పిరి. మేస్త్రీ మాత్రము విరిగిన ముక్కను వెలుతురులో త్రిప్పి చూచి, "పిన్నుదే తప్పండీ, ఈసారి గట్టి ఇనుం వేద్దాం" అనెను.

మిగిలిన కాలువను అద్దె జేసీబీయే తీసినది. పోవుచు బావగారి బకెట్టునుగూడ ఎత్తి గట్టుమీద పెట్టినది. దానికి వేరుగా అద్దె పుచ్చుకొనలేదు.