స్టెప్నీ సొంత కథ

పాయకరావుపేట హైవే పక్కన ఆగిన లారీ కింద వేలాడుతూ ఒక స్టెప్నీ తన కథ చెప్పుకుంటోంది. ముందు టైర్లకున్న హోదా తనకెక్కడిదని కాబోలు, ‘నేను’ అనదు, ‘ఈ టైరు’ అంటుంది.

ఈ టైరు పక్క గోడ మీద గోధుమరంగు పొర ఉంది. క్లీనరు దుమ్మనుకుని తడిగుడ్డతో తుడుస్తాడు. కొన్నాళ్లకి మళ్లీ తేలుతుంది. అది దుమ్ము కాదు, లోపలి నుంచి ఊరి వచ్చే కాపలా మందు. పేరు 6పీపీడీ. వంద పాళ్ల రబ్బరుకి ఒకటో రెండో పాళ్లు కలుపుతారు.

కలపకపోతే? ఎండకి, రోడ్డు వేడికి, నలుగుడికి రబ్బరులో ఎక్కడో ఒక అణువుల గొలుసు దెబ్బతిని రాడికల్ అనే నిలకడలేని ముక్క పుడుతుంది. అది ఆక్సిజన్‌ని పట్టుకుని పక్క గొలుసు నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. ఇప్పుడు ఆ పక్కదీ రాడికలే. ఒక చేబదులు తీర్చడానికి ఇంకో చేబదులు చేసినట్టు, చివరికి వీధి వీధంతా అప్పులపాలు. 6పీపీడీ తన దగ్గరున్న హైడ్రోజన్ ఇచ్చేసి ఆ వరస తెంపుతుంది.

ఓజోన్ అంతకన్నా మొండిది. పది కోట్ల పాళ్ల గాలిలో నాలుగైదు పాళ్లున్నా, సాగిన రబ్బరుని అడ్డంగా చీలుస్తుంది. కదలకుండా వేలాడే ఈ టైరుకి, రబ్బరులో కలిపిన మైనం పైకి తేలి కట్టే పొర చాలావరకు సరిపోతుంది. చక్రమై తిరిగితే ఆ పొర పగులుతుంది. అప్పుడు రబ్బరు కన్నా ముందే ఓజోన్‌తో కలబడి ఖర్చయిపోయేది 6పీపీడీయే.

  

ఖర్చయిపోయిన మందు మాయమైపోదు. సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికొచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడ్డాక చచ్చిపోయేవి. కారణం 6పీపీడీ ఓజోన్‌తో కలిసి మారిన క్వినోన్ అని వాషింగ్టన్ రాష్ట్ర పరిశోధకులు 2020 డిసెంబరులో తేల్చారు. పాయకరావుపేట పక్కన పారే తాండవ నదిలో కోహో లేదు. కానీ వంతెన మీద అరిగిన టైర్ల పొడి వానకి తాండవలోకి దిగి, పెంటకోట దగ్గర సముద్రానికి చేరే దారి మాత్రం ఉంది.

బదులు మందు వెతకమని కాలిఫోర్నియా 2023లో టైర్ల కంపెనీలకి నిబంధన పెట్టింది. వెతకడం తేలికేం కాదు. కొత్తది ఓజోన్‌తో రబ్బరు కన్నా ముందే కలబడాలి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పైకి ఊరాలి, ఖర్చయ్యాక చేపని చంపకూడదు. మొదటి రెండు పనులూ 6పీపీడీ చక్కగా చేస్తుంది.