పొగమంచు పలచబడ్డాక

నా ఒంటి మీద ఆటగాళ్లెవరూ ఒక్క అక్షరం రాయలేదు. నన్ను మార్చుకున్న ఆటగాళ్లు మాత్రం లెక్కలేనంతమంది. ఈ రెండు మాటలూ ఎలా పొసగుతాయో చెబితే నా కథలో సగం చెప్పినట్టే.

నా పేరు మారోవిండ్ డాట్ ఈఎస్ఎం. ఎనభై మెగాబైట్లకు కాస్త అటూ ఇటూగా ఉండే ఫైలుని. అమెరికాలోని మేరీలాండ్‌లో, రాక్‌విల్ అనే ఊళ్లో బెథెస్డా వాళ్లు నన్ను కూర్చారు. 2002 మే 1న విడుదలైన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మారోవిండ్’ ఆటకు మూలప్రతిని నేను. వార్డెన్‌ఫెల్ అనే దీవి, దాని నడిబొడ్డున బూడిద కక్కే రెడ్ మౌంటెన్, సేడా నీన్ రేవులో ఓడ దిగే పేరులేని ఖైదీ, బల్మోరాలో ఏటి ఒడ్డు ఇళ్లు, ఆ ఇళ్లలో ఏ అలమరలో ఏ పుస్తకం ఉందో కూడా నాలో రాసి ఉంటుంది. బొమ్మలూ రంగులూ వేరే మూటలో ఉంటాయి. ఎక్కడ ఏముంది, ఎవరేం మాట్లాడతారు అన్నది నా సొత్తు.

ఆటతో పాటే ‘కన్‌స్ట్రక్షన్ సెట్’ అనే పనిముట్టునూ ఇచ్చారు. దాంతో ఎవరైనా నా దీవిలో ఇల్లు కట్టొచ్చు, మనిషిని నిలబెట్టొచ్చు. అయితే కట్టింది నాలోకి చేరదు. ప్లగిన్ అనే చిన్న ఫైలులో విడిగా ఉంటుంది. అలాంటి మార్పునే మోడ్ అంటారు. ఆట మొదలయ్యేటప్పుడు ముందు నన్ను చదువుతుంది, తర్వాత ప్లగిన్లను వరుసగా చదువుతుంది. ఒకే గది గురించి ఇద్దరు రెండు రకాలుగా చెబితే చివర చదివినదాని మాటే చెల్లుతుంది. ఆ వరుస ఫైళ్ల తేదీని బట్టి వస్తుంది. మామూలు ఇళ్లలో ఆఖరి మాట పెద్దవాళ్లది, మా ఇంట్లో అందరికంటే చిన్నవాడిది. అందుకే ఆటగాళ్లు ఫైలు తేదీని మార్చి, వెనక పుట్టినవాణ్ణి ముందుకూ ముందు పుట్టినవాణ్ణి వెనక్కీ జరుపుతుంటారు.

మా అయ్యగారు నన్ను తొలిసారి తన కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నప్పుడు కాలేజీ కుర్రాడు. మొదటి ఆట నన్ను నన్నుగానే ఆడాడు. రెండో ఆటకు ఆకలి పెరిగింది. అందంగా కనిపించిన ప్రతి మోడ్‌నూ దింపుకున్నాడు. మెరిసే కవచాలు, ఎక్కడివో జపాన్ కత్తులు, బల్మోరాలో రెండు కొత్త మేడలు. ఆ రెండు మేడలూ ఒకే జాగాలో లేచాయి. ఒకదాని గుమ్మం ఇంకోదాని గోడలో ఇరుక్కుంది. కవచాల మోడ్, కత్తుల మోడ్ రెండూ పెట్టెల్లో దొరికే వస్తువుల జాబితాను తిరగరాశాయి కాబట్టి, చివరిదాని సొమ్ములే మిగిలి మొదటిదానివి కనపడకుండా పోయాయి. ఇంకో మోడ్ మైలపడి ఉంది. చేసినవాడు తన ఇల్లు కట్టుకుంటూ పొరపాటున పక్కింటి పీపాను తాకి, ఆ తాకిడితో సహా దాచేశాడు. మూడు వారాలు ఆడాక కుర్రాడికి విసుగొచ్చి సగం మోడ్లు పీకేశాడు. దాచుకున్న ఆట మాత్రం పీకేసిన వాటిని తలుచుకుంటూనే ఉంది. తెరిచిన ప్రతిసారీ ఫలానాది లేదు, ఫలానాది లేదు అని హెచ్చరికలు. ఒకరోజు తెరుచుకోవడమే మానేసింది.

ఆ రాత్రి అతను కంప్యూటర్ కట్టేసి వెళ్లిపోయాడు. నాకేమీ కాలేదు. కానీ అతను పోగొట్టుకున్నది మూడు వారాల నడక. అది నాలో రాసి లేదు, నేను తిరిగి ఇవ్వలేను.

చాలా ఏళ్లకు మళ్లీ నన్ను పిలిచాడు. జుట్టు నెరిసింది, పక్కన కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఈసారి మోడ్ ఎంచుకునే ముందే కాగితం తీశాడు. మొట్టమొదట ఎంచుకున్నది అక్షరాల మోడ్. నా ఆటలో మనుషులు నోటితో మాట్లాడేది తక్కువ, రాతలో చెప్పేది ఎక్కువ. పాత అక్షరాలు ఇప్పటి పెద్ద తెర మీద అలుక్కుపోతాయి, అతని కళ్లకు అద్దాలూ వచ్చాయి. తర్వాత మరమ్మతులు. ‘మారోవిండ్ కోడ్ ప్యాచ్’ నన్ను ముట్టదు, ఆటను నడిపే ప్రోగ్రామ్‌లోని లోపాలను సరిచేస్తుంది. ‘ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్’ నా తప్పుల మీద తెల్లకాగితం అంటిస్తుంది. నాలో తప్పులున్నాయి, ఒప్పుకుంటాను. అచ్చుతప్పులు, గాల్లో వేలాడే రాళ్లు, ఎక్కడా ముడిపడని సంభాషణలు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు జీతం లేకుండా ఏళ్ల తరబడి కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరారు. నా మీద పడిన చేతుల్లో అంత ప్రేమగల చెయ్యి ఇంకోటి లేదు.

ఇక పొగమంచు.

2002 నాటి కంప్యూటర్లు దూరాన్ని గీయలేవు. అందుకే కొంతదూరం తర్వాత నా దీవిని మంచులో ముంచారు. ‘ఎంజీఈ ఎక్స్ఈ’ అనే పనిముట్టు ఆ మంచును తొలగించి దూరపు కొండల్ని గీస్తుంది. అయ్యగారు దాన్ని పెట్టి, దూరాన్ని చివరిదాకా జరిపి, సేడా నీన్ వెనక గుట్ట ఎక్కాడు. వివెక్ నగరపు మేడలు, రెడ్ మౌంటెన్, అన్నీ ఒకేసారి కళ్లముందు నిలబడ్డాయి. కూతురు చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం మాట్లాడలేదు.

ఎందుకో నాకు తెలుసు. నా దీవి చిన్నది. ఊరికీ ఊరికీ మధ్య నాలుగు మలుపులే. కాలేజీ రోజుల్లో ఆయన ఒక సాయంత్రమంతా నడిచి చేరిన చోటు, నిజానికి రెండు గుట్టల అవతలే ఉంది. మంచు నా దారిద్ర్యాన్ని కప్పింది, అదే నన్ను పెద్దదాన్ని చేసింది. ఆయన చాలాసేపు మంచు మొదలయ్యే గీటును ముందుకీ వెనక్కీ జరిపాడు. చివరికి పక్క కొండ స్పష్టంగా, దాని వెనకది నీడలా, ఆపైన ఏమీ లేకుండా ఆపాడు. ఆ రోజు ఎంచుకున్నవాటిలో ఇంత ఆలోచించి తేల్చింది మరోటి లేదు. నాకు ఊపిరి తిరిగొచ్చింది.

“నాన్నా, ఎటు వెళ్లాలో బాణం గుర్తు చూపించే మోడ్ లేదా?” అంది పిల్ల.

“వెతికితే దొరుకుతుందమ్మా. కానీ అది వద్దు.”

బల్మోరాలో హస్‌ఫాట్ అనే మనిషి ఓ పాత శిథిలానికి పంపిస్తాడు. ఫోర్ట్ మూన్‌మాత్ వైపు వెళ్లాలి, పాతకాలపు వంతెన మీదుగా లోయ దాటాలి, అక్కడున్న మర తిప్పాలి. ఇదంతా మాటల్లోనే. బాణం పెడితే ఆ మాటలు ఎవరూ చదవరు. ఊళ్లో దారి అడిగి వెళ్లేవాడు వంతెనను చూస్తాడు, బాణం వెంట వెళ్లేవాడు బాణాన్నే చూస్తాడు. మర్యాదగా వద్దన్నందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

కత్తి ప్రతిసారీ తగిలేలా చేసే మోడ్ కూడా వద్దన్నాడు. పరుగెత్తి అలిసిపోతే దెబ్బ తగలదని చెప్పి, అలసటను చూపే పచ్చగీత నిండేదాకా ఆగమన్నాడు. క్లిఫ్ రేసర్లనే ఎగిరే పీడను మాత్రం సగానికి తగ్గించే మోడ్ పెట్టాడు. మూలప్రతినైనా అడ్డు చెప్పను, నాలో అవి మరీ ఎక్కువ. ‘టామ్రియల్ రీబిల్ట్’ సంగతి వచ్చినప్పుడు కాసేపు ఆగాడు. నా దీవి చుట్టూ ఉన్న ప్రధాన భూభాగాన్ని ఇరవై ఏళ్లకు పైగా స్వచ్ఛందంగా కట్టుకొస్తున్న పని అది. ఎన్నడూ చూడని ఒడ్డు నాకూ ఒకటి దొరికింది. ఆట మధ్యలో మార్చకూడదన్న పాఠం గుర్తుంది కాబట్టి దాన్నీ మొదట్లోనే చేర్చాడు. వరుస సరిచూసి, వస్తువుల జాబితాలను కలిపి, కొత్త ఆట మొదలుపెట్టి మౌస్ పిల్లకిచ్చాడు.

ఆమె రేవు దాటి నడిచింది. ఆకాశంలోంచి ఒక కేక. టార్హీల్ అనే మాంత్రికుడు దబ్బున పడి చచ్చిపోయాడు. మొదటి రోజు నుంచీ ఆ దారిన వెళ్లే ప్రతివాడి ముందూ పడుతూనే ఉన్నాడు. మా అయ్యగారు పెట్టిన ఏ ప్లగినూ ఆ మనిషి మీద చెయ్యి వేయలేదు. పిల్ల జేబులు వెతికింది. మూడు మంత్రపత్రాలు, ఏడు సెకన్లపాటు మనిషిని మబ్బుల్లోకి గెంతించేవి. దిగేటప్పుడు నేల తాకేలోపు రెండోది చదవాలి. ఆ సంగతి ఆయనకు తెలుసు.

“నాన్నా, చదవనా?”

ఆయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. పిల్ల గెంతింది. మంచుగీత దాటి, నా చెట్లన్నీ చిన్నవై, పైకి, ఇంకా పైకి.