పిడుదు పట్టిందా? వెంటనే కంగారు పడండి!

గేదెను కడిగొచ్చారు. లేదా కుక్కపిల్లను ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. అదీ కాకపోతే చేలగట్టు మీద గడ్డిలో కాసేపు కూర్చున్నారు. రాత్రి స్నానం చేస్తుంటే మోకాలి వెనక మడతలో మినపగింజంత నల్లటిదేదో చేతికి తగిలింది. పులిపిరి అనుకుని వంగి చూస్తే దానికి ఎనిమిది కాళ్లున్నాయి! అది పిడుదు. కుట్టినప్పుడు నొప్పి తెలియనివ్వదు కాబట్టి ఎప్పుడెక్కిందో మీకు తెలియదు. ఇప్పుడేం చేయాలి? మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న చిట్కాలున్నాయి. తు.చ. తప్పకుండా పాటించండి, చిన్న పురుగును పెద్ద జబ్బు చేసుకోవచ్చు.

1. ముందు ఇంటిల్లిపాదినీ పిలవండి. తలా ఒక వైద్యం చెప్పనివ్వండి. పిడుదు ఎంతసేపు అంటుకుని ఉంటే రోగక్రిములు ఒంట్లోకి దిగే అవకాశం అంత పెరుగుతుంది. అమెరికాలో పిడుదుల వల్ల వచ్చే లైమ్ జబ్బు అంటుకోవడానికి మామూలుగా 24 గంటలకు పైనే పడుతుంది. కాబట్టి చర్చను రెండో రోజుకు వాయిదా వేయండి. న్యూజెర్సీలో ఉన్న మేనల్లుడికి వీడియో కాల్ చేస్తే "వెంటనే పీకేయండి మావయ్యా" అంటాడు. అక్కడ ఈ బెడద ఎక్కువ, వాడికి తెలుసు. అయినా చిన్నవాడి మాట వినకండి.

2. అగరుబత్తితో చురక పెట్టండి. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అనుభవంలోకి వస్తుంది. వేడికి పిడుదు హడలి బయటికొస్తుందని సిద్ధాంతం. దాని నోరేమో వెనక్కి తిరిగిన ముళ్లున్న రంపం. పైగా చాలా జాతులు సిమెంటు లాంటి జిగురు పోసుకుని మరీ కూర్చుంటాయి. దానిముందు ఉడుంపట్టు ఏపాటిది? కాలిస్తే పట్టు వదలదు సరికదా, కడుపులో ఉన్నది మీ ఒంట్లోకి కక్కే ప్రమాదముంది. నా మోకాలి వెనక అర్ధరూపాయంత మచ్చ ఈ వైద్యం పుణ్యమే. పిడుదు మాత్రం మర్నాడు పొద్దున కూడా అక్కడే ఉంది.

3. ఆముదం దట్టంగా పూయండి. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టు, మన ఇంట్లో పిడుదుకూ పిల్లాడి కడుపునొప్పికీ ఒకే ఆముదం. ఊపిరాడక చస్తుందని ఆశ. అది గంటకు కొన్నిసార్లు ఊపిరి తీసుకుంటే చాలు, తాపీగా తాగుతూనే ఉంటుంది. రక్తం తాగి ఉబ్బిన పిడుదు అచ్చం ఆముదపు గింజలా ఉంటుంది. లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు. ఆ పోలిక వల్లే ఆముదం మొక్కకు రిసినస్ కమ్యూనిస్ అని శాస్త్రీయ నామం. బంధుత్వం చూసి జాలిపడి దిగిపోతుందేమో చూడండి! ఆముదం లేకపోతే కిరసనాయిలు, వాజెలిన్, గోళ్లరంగు. ఫలితంలో తేడా ఉండదు.

4. పొట్ట పట్టుకుని పిండుతూ, మెలిపెట్టి లాగండి. పొట్ట నొక్కితే సిరంజి నొక్కినట్టే, లోపలిది మీలోకి. మెలిపెడితే నోటి ముక్క తెగి చర్మంలో ఉండిపోతుంది. తేలిగ్గా రాని ముక్కను వదిలేస్తే చర్మమే మెల్లగా బయటికి నెట్టేస్తుంది. అంత ఓపిక ఎవరికుంది? పిన్నీసు తెచ్చి తవ్వండి. చీము పట్టేదాకా తవ్వండి.

5. పీకినదాన్ని పేనును కుక్కినట్టు గోళ్ల మధ్య కుక్కండి. 'టప్' మంటుంది, వేళ్లకు రక్తమవుతుంది. ఆ చేత్తోనే కళ్లు నులుముకోండి. కుక్కడం ఇష్టం లేకపోతే పెరట్లోకి విసరండి. కడుపునిండిన ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకూ గేదెకూ కాలక్షేపం.

6. తర్వాత జ్వరమొస్తే పిడుదు సంగతి డాక్టరుకు చెప్పకండి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, అడవికి వెళ్లొచ్చిన మనుషులు జ్వరంతో మంచాన పడ్డారు. అది పిడుదులు మోసుకొచ్చిన వైరస్. మన దేశంలో పిడుదుల వల్ల వచ్చే టైఫస్ జ్వరమూ ఉంది. తొలిరోజుల్లోనే కనిపెడితే మామూలు యాంటీబయాటిక్‌కు లొంగుతుంది. మీరు నోరు విప్పకపోతే పాపం డాక్టరు డెంగీ, మలేరియా, టైఫాయిడ్ అంటూ పరీక్షలు రాసుకుంటూ పోతారు.

ఇన్ని పాట్లు పడలేని బద్ధకస్తులకు ఒక దారి ఉంది. కనుబొమలు తీసుకునే సన్నమొన ప్లక్కరు తీసుకోండి. పొట్టను తాకకుండా, చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకోండి. మెలితిప్పకుండా, గుంజకుండా, ఒకే బలంతో నిటారుగా పైకి లాగండి. చర్మం కాస్త సాగుతుంది, భయపడకండి, వదిలేస్తుంది. కరిచినచోటునూ చేతులనూ సబ్బుతో కడిగి స్పిరిట్ అద్దండి. పురుగును స్పిరిట్ ఉన్న సీసాలో వేసి మూత పెట్టండి. ఆ రోజు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. నెలలోపు జ్వరమో దద్దుర్లో వస్తే ఆ తేదీతో సహా డాక్టరుకు చెప్పండి.

రెండు నిమిషాల పని. అగరుబత్తిని దేవుడికి, ఆముదాన్ని దీపానికి, పిన్నీసును చీరకు వదిలేయండి. పిడుదుకు ప్లక్కరు చాలు.