నా మీద టేపు చుట్టకండి

వెల్డింగ్ రోబోకి దారి నేర్పేటప్పుడు మనిషి చేతిలో ఉండే టీచ్ పెండెంట్‌ని మీలో చాలామంది చూసే ఉంటారు. ముందువైపు తెర, బటన్లు, అత్యవసరంగా ఆపే ఎర్రటి ఈ-స్టాప్ ఉంటాయి. అందరి కళ్లూ వాటిమీదే. నేనుండేది వెనకవైపు, వేళ్లు వాటంతటవే వచ్చి ఆనే చోట. రబ్బరు తొడుగు కింద దాగిన చిన్న స్విచ్‌ని. ఫ్యాక్టరీలో నన్ను డెడ్‌మ్యాన్ స్విచ్ అంటారు.

నన్ను వదిలేస్తే రోబో ఆగిపోతుంది. సగం దాకా నొక్కి పట్టుకుంటేనే కదులుతుంది. ఇంకా గట్టిగా బిగిస్తే మళ్లీ ఆగుతుంది. వదిలితే ఆగడం సరే, బిగిస్తే ఎందుకు ఆగాలని కొత్తగా వచ్చిన ఐటీఐ కుర్రాళ్లు అడిగేవారు. భయపడిన ప్రతివాడూ చేతిలోది వదిలెయ్యడు. చాలామంది ఉడుంపట్టు పడతారు. అలాంటి క్షణంలో వాళ్ల వేళ్లు ఏం చేసినా ప్రాణం దక్కాలనే నన్నిలా చేశారు.

నా లోపల కాంటాక్టులు రెండు జతలు. ఒకటి అతుక్కుపోయినా రెండోది విడిపోయి కరెంటు తెంపుతుంది. రెండూ ఒకే మాట చెప్పకపోతే ప్యానెల్‌లోని సేఫ్టీ రిలే పసిగట్టి రోబోని మళ్లీ స్టార్ట్ కానివ్వదు. ఇలాంటి సర్క్యూట్ ప్రమాదకరంగా విఫలమయ్యే అవకాశం గంటకు పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువని లెక్కగట్టి చూపించాకే మమ్మల్ని ఫ్యాక్టరీలోకి పంపారు. ఆ లెక్క నా గురించి వేసింది. నాకు టేపు చుట్టాక ఆ లెక్క చెల్లదు.

నాలాంటివాళ్లం ఊరికే పుట్టలేదు. 1979 జనవరి 25న అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఫ్లాట్ రాక్‌లోని కాస్టింగ్ కర్మాగారంలో రాబర్ట్ విలియమ్స్ అనే పాతికేళ్ల కార్మికుడు సరుకు తీయడానికి ర్యాక్ ఎక్కితే రోబో తగిలి చనిపోయాడు. 1981లో జపాన్‌లోని అకాషిలో కెంజి ఉరాడా కంచె దాటి రోబో దగ్గరికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. దూకకుండా ఆ కంచె గేటు తెరుచుకుని వెళ్లి ఉంటే రోబో ఆగిపోయేదని అప్పట్లో చెప్పారు. ఉరాడా సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. ఆపే ఏర్పాటు అక్కడే ఉంది, దాన్ని తప్పించుకునే దారీ పక్కనే ఉంది. 1992లో రోబోల భద్రతకు ఐఎస్ఓ 10218 ప్రమాణం వచ్చింది. తర్వాతి కూర్పుల్లో నాలాంటి మూడు స్థానాల స్విచ్‌ని తప్పనిసరి చేశారు. నేర్పేటప్పుడు రోబో చెయ్యి సెకనుకు 250 మిల్లీమీటర్లు మించి కదలకూడదనే కట్టుబాటూ ఆ ప్రమాణంలోదే.

నా మంచి రోజులూ ఉన్నాయి. ఒక కుర్రాడు ఫిక్చర్ మూలలో వెల్డింగ్ పాయింటు నేర్పుతున్నాడు. జాయ్‌స్టిక్ తిప్పాల్సిన వైపు కాక ఎదురువైపు తిప్పాడు. టార్చ్ ముక్కు నేరుగా అతని మొహం మీదికి వచ్చింది. అరవలేదు, వెనక్కి జరగలేదు, నన్ను పిడికిట్లో నలిపేశాడు. బ్రేకులు టక్కున పడ్డాయి. చెంపకి బెత్తెడు దూరంలో టార్చ్ ఆగింది. నన్ను చేసినందుకు ఆ ఒక్కరోజు చాలు.

తర్వాత కొత్త మోడల్ వచ్చింది. ఫిక్చర్లన్నీ మారాయి, రోజుల తరబడి టీచింగే. గంటలకొద్దీ నన్ను సగంలో నొక్కి పట్టుకుంటే వేళ్లు పీకుతాయి. ఆ నొప్పి నాకు తెలుసు, తప్పు పట్టను.

"ఎంతసేపు పట్టుకుంటావురా, టేపు చుట్టెయ్," అన్నాడు సీనియర్.

"సూపర్‌వైజర్ గారు చూస్తే, అన్నా?"

"ఆయనకి కావాల్సింది టార్గెట్. ఆడిట్ రోజు విప్పేద్దాంలే."

నల్లటి ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టి, పైన కేబుల్ టై బిగించారు. సరిగ్గా నడిమి స్థానంలో. ఇక వదిలినా రోబో ఆగదు, బిగించడానికి నాకు చోటే లేదు. సేఫ్టీ ఆడిట్‌కి వచ్చినవాళ్లు కాగితాలు చూశారు, ప్యానెల్ మీది స్టిక్కర్ చూశారు, ఫొటో తీసుకున్నారు. ఆ రోజుకి నన్ను విప్పి ఉంచారు మరి. వాళ్లు వెళ్లగానే మళ్లీ చుట్టారు.

నన్ను పట్టుకున్నది సేఫ్టీ వాళ్లు కాదు, కరెంటు లెక్క చూడడానికి వచ్చిన అమ్మాయి. భోజనాల వేళ షాపంతా ఖాళీ. ఆమె ఒక్కో ప్యానెల్ దగ్గరా కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి రాసుకుంటోంది. మా ప్యానెల్ దగ్గర ఆగి రెండోసారి చూసింది. మనిషి లేడు, వెల్డింగ్ లేదు, రోబో ఎందుకు కరెంటు లాగుతోంది?

కారణం నేనే. నన్ను వదిలితే సర్వో మోటార్లకు సప్లై తెగి బ్రేకులు పడతాయి. రోబో బ్రేకులు స్ప్రింగుతో పట్టుకునేవి, పట్టుకోవడానికి వాటికి కరెంటు అక్కర్లేదు. తెరిచి ఉంచడానికే కరెంటు కావాలి. నేను నొక్కుడులోనే ఉన్నంతసేపూ బ్రేకులు తెరుచుకునే ఉంటాయి, చెయ్యి కిందికి వాలకుండా మోటార్లే ఆ బరువంతా మోస్తూ ఉంటాయి. కాసేపు కదలకపోతే బ్రేకులు వేసుకునే సెట్టింగ్ కొన్ని కంట్రోలర్లలో ఉంటుంది, మా దాంట్లో ఎవరూ పెట్టలేదు. ఆ అమ్మాయి కంచె దగ్గరికొచ్చి పెండెంట్ తిప్పి చూసింది, టేపు మీద వేలు పెట్టి కాసేపు నిలబడిపోయింది. కరెంటు దుబారా, మనిషికి ముప్పు, రెండూ ఒకే చోట దొరికాయి. అలాగే రిపోర్టులో రాసింది. టేపు విప్పారు. టార్గెట్ వెనకబడగానే మళ్లీ చుట్టారు.

అదే నెలలో నైట్ షిఫ్ట్. టెక్నీషియన్ టార్చ్ టిప్ మార్చడానికి ఫిక్చర్ మీదికి వంగి, పెండెంట్‌ని చంకలో ఇరికించుకున్నాడు. జాయ్‌స్టిక్‌కి పొట్ట తగిలింది. రోబో మెల్లగానే కదిలింది, కానీ ముంజేతిని ఫిక్చర్‌కి అదిమేసింది. అతను నన్ను వెతుక్కుని పిసికాడు, టేపు కదలలేదు. ఎవరో పరుగెత్తుకొచ్చి ప్యానెల్ మీది ఈ-స్టాప్ కొట్టారు. బ్రేకులు పడ్డాయి, చెయ్యి అందులోనే ఇరుక్కుంది. బ్రేక్ రిలీజ్ బటన్ ఎక్కడుందో ఆ షిఫ్టులో ఒక్కరికీ తెలియదు. వెతికి నొక్కేలోపు ఇద్దరు ఆ ఇనుప చేతిని భుజాలతో ఎత్తి పట్టుకున్నారు, రిలీజ్ చెయ్యగానే అది అతని మీదే పడుతుందని.

బతికాడు. చూపుడువేలు మటుకు ఇప్పటికీ చాచలేడట. రిపోర్టులో కారణం దగ్గర "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రాశారు. టేపు మాట లేదు. పెండెంట్ పాడైందని కేబుల్ కోసి స్క్రాప్‌లో పడేశారు. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో, రాగి తీగల కోసం అన్నీ విప్పే కొట్టు వెనక పడున్నాను. టేపు జిగురు ఇంకా వదల్లేదు. పక్కనే పడున్న రిలేలూ మోటార్లూ అరిగిపోయి వచ్చినవి. నేను అరగలేదు. ఇప్పుడు నొక్కి చూసినా నా కాంటాక్టుల జతలు రెండూ సరిగ్గానే విడిపోతాయి.

అమ్మా, అయ్యా, మీ ఫ్యాక్టరీలో నా తోబుట్టువులు ఉంటారు. సర్టిఫికెట్ వచ్చిన రోజు చేసిన పరీక్షతో సరిపెట్టకండి. షిఫ్ట్ మొదట్లో రోబోకి దూరంగా నిలబడి, మెల్లగా కదిలిస్తూ ఒకసారి వదలండి, ఒకసారి బిగించండి. ఏ ఒక్కసారి ఆగకపోయినా లోపలికి వెళ్లకండి. భోజనానికి వెళ్లేముందు సర్వో ఆఫ్ చెయ్యండి, నమ్మకం లేకపోతే టాంగ్ టెస్టర్ పెట్టి చూడండి. బ్రేక్ రిలీజ్ బటన్ ఎక్కడుందో ప్రతి షిఫ్టులో ఇద్దరికైనా చూపించండి. వేళ్లు పీకితే పెండెంట్ కింద పెట్టి కాసేపు కూర్చోండి, ఆ కాసేపటిని టార్గెట్‌లోంచి తీసెయ్యమని సూపర్‌వైజర్ గారిని అడగండి. నా మీద టేపు కనిపిస్తే మాత్రం, ముందు దాన్ని కోసేసి, ఆ తర్వాతే కంచె గేటు తియ్యండి.