గింజ బండికి, గడ్డి మంటకి

వరిగడ్డితో ఇథనాల్ తీసి బండ్లు నడిపిస్తామంటూ 2022 ఆగస్టులో పానిపట్‌లో ప్లాంటు ప్రారంభించారు. 900 కోట్లకు పైనే ఖర్చు. ఏటా 2 లక్షల టన్నుల గడ్డి మింగి 3 కోట్ల లీటర్లు ఇస్తుందన్నారు. ఇక పొలాల్లో మంటలుండవన్నారు. ఢిల్లీ మాత్రం ఏటా నవంబరులో ఆ పొగకు దగ్గుతూనే ఉంది.

గడ్డి సంగతెలా ఉన్నా, పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం గడువుకు ముందే అందుకున్నారు. ఎలాగంటారా? చెరకు, మొక్కజొన్న, ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యం! గడ్డిలోని సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొట్టాలంటే ముందు దాన్ని ఉడికించాలి, ఆపైన ఖరీదైన ఎంజైములు పొయ్యాలి. అంత తంటా ఎందుకు, గింజలో పిండి రెడీగా ఉండగా!

అలా మనిషి తినేది ట్యాంకులోకి పోతోంది, మిగిలిన గడ్డి పొలంలో కాలుతోంది. రైతును తిట్టడం తేలికే. కోత మిషన్ వెళ్లిన రెండు మూడు వారాల్లో గోధుమ విత్తాలాయె. గడ్డి కట్టలు కట్టి లారీకెత్తే నాథుడొచ్చేదాకా అదును ఆగుతుందా? అగ్గిపెట్టె రెండు రూపాయలు. దానికి టెండరూ అక్కర్లేదు, ప్రారంభోత్సవమూ అక్కర్లేదు.