ఇంకో బోరు వేద్దాం సార్

మా అనంతపురంలో రెండు పనులకు చదువు అక్కర్లేదు. ఒకటి బోరుకు పాయింటు పెట్టడం, రెండోది కంప్యూటరుకు ఫార్మాట్ కొట్టడం. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగే పెద్దాయన, అది లేచి నిలబడ్డచోట రాయి పెడతాడు. వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేస్తే, "పాయింటు కరెక్టే, పది అడుగులు పక్కన ఇంకోటి వేయండి" అంటాడు. ఫార్మాట్ శాస్త్రమూ అచ్చం ఇదే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. పదకొండు ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలట. నా పాత డబ్బాకు అంత భాగ్యం లేదు. ఉచితమే కదా అని లైనక్స్ వేయించా. కంప్యూటర్ల అంగట్లో జామ్మని లేచింది. ఆటోలో ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే నల్లటి స్క్రీన్. బూట్ అయ్యే డిస్కు ఏదీ దొరకలేదని ఒక్క లైను.

"కరప్ట్ అయింటాది సార్. ఫార్మాట్ కొడితే సరిపోతాది" అన్నాడు అంగడి కుర్రాడు.

కొట్టాడు. అంగట్లో లేచింది, ఇంట్లో లేవలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. మూడోసారికి "మీ ఇంట్లో కరెంటే బాగలేదు సార్" అన్నాడు. పక్కింటాయన టేబులు తూర్పుకు తిప్పమన్నాడు. తిప్పా కూడా. ఇంకో వారం పోతే టెంకాయ పెద్దాయన్నీ పిలిచేవాణ్నేమో!

ఆన్ చేసిన ప్రతిసారీ మొదట ఇంకో లైను కూడా వచ్చేది. తేదీ, సమయం సెట్ చేయండి, ఎఫ్1 నొక్కండి అని. అంగడి కుర్రాడు చదవకుండానే నొక్కేవాడు. నేనూ అంతే. ఒక రాత్రి చదివా. లోపలి గడియారంలో 2012 జనవరి 1!

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. సీఆర్2032, 3 వోల్టులు. ప్లగ్ పీకినప్పుడు గడియారాన్నీ, పాత బోర్డుల్లో కంప్యూటరును లేపే బయోస్ సెట్టింగులనూ కాపాడేది అదే. అది చచ్చిపోతే అవన్నీ ఫ్యాక్టరీలో పెట్టినట్టే అయిపోతాయి. అంగట్లో లైనక్స్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో ఎక్కించారు. ప్లగ్ పీకి ఆటోలో పెట్టేసరికి బయోస్ మళ్లీ పాత లెగసీ పద్ధతికి పోయింది. సిస్టమ్ డిస్కులో నిక్షేపంగానే ఉంది, దాన్ని ఏ పద్ధతిలో లేపాలో బయోస్‌కు గుర్తులేదు. చచ్చింది బ్యాటరీ, మూడుసార్లు దినాలు చేసింది డిస్కుకు.

పాపం, టెంకాయ పెద్దాయన్ని క్షమించొచ్చు. ఈ నల్లరాయి కింద నీళ్లెక్కడున్నాయో భూమి రాసి చూపించదు. కంప్యూటరు మాత్రం రోగమేమిటో స్క్రీన్ మీద రాసి మరీ చెబుతుంది. కానీ చదివినందుకు బిల్లు వేయలేరు కదా! బోరు లారీకి నీళ్లు పడినా పడకపోయినా అడుగుల లెక్కే. ఫార్మాట్‌కూ లేచినా లేవకపోయినా రేటు రేటే. మధ్యలో మా అమ్మాయి పెళ్లి ఫొటోలు, రెండేళ్ల శెనక్కాయ లెక్కలు పోయాయి.

నలభై రూపాయలకు బ్యాటరీ కొని వేశా. సెట్టింగు ఒకసారి మార్చా. అప్పట్నుంచి ప్లగ్ పీకినా లేస్తోంది. ఆ మాట అంగట్లో చెబితే కుర్రాడు సంతోషించి, "మంచిదే సార్, అయినా ఒకసారి ఫార్మాట్ కొట్టించుకోండి, స్పీడుగా ఉంటాది" అన్నాడు.

మీ డబ్బా లేవకపోతే, ఆటో పిలిచే ముందు స్క్రీన్ మీద ఏముందో ఒక్కసారి పైకి చదవండి. తేదీ పదేళ్ల కిందటిదైతే ఫార్మాట్ అడగొద్దు, బ్యాటరీ అడగండి.